87 సిల్వియా: మద్రాసులో దొరికిన గ్రహశకలం, దాని ఇద్దరు పిల్లలు

చుక్కల రాజు (రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మా కాలేజీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "87 సిల్వియా అనే గ్రహశకలాన్ని మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన మన రఘునాథాచారి గారు కనిపెడితే, పోగ్సన్ దొర తన పేరు వేసుకున్నాడు" అని. కింద అందరూ దండాల బొమ్మలు పెట్టేశారు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. కానీ ఎదురు చెప్పాలంటే నా దగ్గర సరుకు లేదు. ఆ రాయికి రెండు ఉపగ్రహాలు ఉన్నాయని ఎక్కడో చదివాను, అంతవరకే. అసలు కథ ఏంటో తెలిసినవాళ్ళు చెప్పండి. గ్రూపులో పెట్టి ఈ గోల ఆపాలి.

బందరు మాస్టారు (రాత్రి 9:40)

రాజూ, మంచి పని చేశావు అడిగి. సిల్వియాను కనిపెట్టింది నార్మన్ పోగ్సనే. తేదీ 1866 మే 16. చోటు మద్రాసు నుంగంబాక్కంలోని అబ్జర్వేటరీ. ఆ ఏడాదే రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఆయనే ప్రకటించాడు. అందులో దొంగతనమేమీ లేదు.

రఘునాథాచారి గారికి వేరే వాళ్ళ గొప్ప తెచ్చి అతికించాల్సిన అవసరమే లేదు. చింతామణి రఘునాథాచారి అదే అబ్జర్వేటరీలో చిన్న ఉద్యోగంలో చేరి మొదటి అసిస్టెంటు దాకా ఎదిగిన మనిషి. 1867లో రెటిక్యులం రాశిలో ఒక చరతారను, అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రాన్ని, ఆయన కనిపెట్టారు. దాని పేరు ఆర్ రెటిక్యులి. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఫార్వర్డులు రాసేవాళ్ళు ఇవి వదిలేసి లేనిదాన్ని పట్టుకుంటారు. అదే నా బాధ.

ఇంకోటి, ఇది మన నేల సంగతి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి పోగ్సన్ మా బందరు వచ్చాడు. రఘునాథాచారి గారి బృందం వనపర్తి వెళ్ళింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. దాని గురించి ఈ వేదికలో పాత థ్రెడ్ ఉంది, వెతుక్కో.

సుజాత ఎం. (రాత్రి 9:58)

మాస్టారూ, నమస్తే. ఆ రోజుల్లో ఫోటోలు లేవు కదా, అన్ని చుక్కల మధ్య ఇది గ్రహశకలం అని ఎలా పట్టుకునేవాళ్ళు?

బందరు మాస్టారు (రాత్రి 10:21)

కంటితోనే అమ్మా. ఫోటోగ్రఫీతో గ్రహశకలాన్ని పట్టడం 1891 డిసెంబరులో జర్మనీలో మాక్స్ వుల్ఫ్‌తో మొదలైంది. పోగ్సన్ ఆ ఏడాది జూన్‌లోనే మద్రాసులో పోయాడు. అంటే ఆయన పట్టినవన్నీ కన్నుతో పట్టినవే.

పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. ఆకాశంలో ఒక చిన్న ముక్క తీసుకోవాలి. అందులో టెలిస్కోపుకు అందే ప్రతి చుక్కనూ పటం మీద గుర్తు పెట్టుకోవాలి. తర్వాత మళ్ళీ అదే చోటు చూసి పటంతో పోల్చాలి. పటంలో లేని చుక్క ఏదైనా కనిపిస్తే దాన్ని గంటల తరబడి వదలకూడదు. పక్క చుక్కల నుంచి జరిగిందా, ఆట ముగిసినట్టే. సిల్వియా భూమికి ఎదురుగా, అంటే ఆకాశంలో సూర్యుడికి అవతలి వైపుకు, వచ్చినప్పుడు రోజుకు సుమారు 11 ఆర్క్ నిమిషాలు జరుగుతుంది. అంటే చంద్రబింబం వెడల్పులో మూడో వంతు. గంటకైతే అర ఆర్క్ నిమిషం కూడా ఉండదు. ఆ కాస్త జరుగుడు పట్టాలంటే పటం ఖచ్చితంగా ఉండాలి, చూసేవాడికి ఓపిక ఉండాలి. మద్రాసు మే నెల ఉక్కపోతలో రాత్రంతా ఐపీసు దగ్గర కూర్చోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

చుక్కల కాంతిని కొలవడంలో ఆయన మొనగాడు. ఇవాళ మనం "ఆరో మాగ్నిట్యూడ్, పదకొండో మాగ్నిట్యూడ్" అంటున్నామే, అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే కాంతిలో వంద రెట్లు అన్న కొలత 1856లో ఆయన పెట్టిందే. అంకె పెరిగే కొద్దీ చుక్క మసక.

పచ్చిమిర్చి (రాత్రి 10:30)

అంతా బాగుంది గానీ, 1866లో ఒక చుక్క కదిలింది. దానికి ఇంత హడావుడా? కుజుడికీ బృహస్పతికీ మధ్య గ్రహశకలాల బెల్టులో లక్షల రాళ్ళున్నాయి. దీనికేం కిరీటం?

డాలస్ కిట్టు (రాత్రి 11:05)

పచ్చిమిర్చి గారూ, కిరీటం ఉందండీ. అప్పటిదాకా గ్రహశకలాలకు ఒక్కో ఉపగ్రహమే తెలుసు. మొట్టమొదటిది ఇడా చుట్టూ తిరిగే డాక్టిల్, 1993లో గెలీలియో నౌక తీసిన ఫోటోల్లో బయటపడింది. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలంగా మొదట తేలింది సిల్వియానే.

2001 ఫిబ్రవరి 18న హవాయిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోపుతో మైక్ బ్రౌన్, జాన్-లుక్ మార్గో ఒక ఉపగ్రహాన్ని చూశారు. తర్వాత ఎరిస్‌ను కనిపెట్టి ప్లూటో పదవికి ఎసరు పెట్టిన మైక్ బ్రౌన్ ఈయనే. రెండోది చిలీలో వెరీ లార్జ్ టెలిస్కోపులోని యెపున్ అనే 8.2 మీటర్ల టెలిస్కోపుతో 2004 ఆగస్టులో దొరికింది. బర్క్లీ నుంచి ఫ్రాంక్ మార్షిస్, పారిస్ అబ్జర్వేటరీ నుంచి దెకాం, హెస్ట్రోఫెర్, బెర్తియే కలిసి చేసిన పని. 2005 ఆగస్టులో ప్రకటించారు.

పేర్లు వెతుక్కోవాల్సిన పని వాళ్ళకు పడలేదు. రోము పురాణంలో రియా సిల్వియాకు కవల పిల్లలు, రోములస్, రీమస్. అమ్మ పేరు పోగ్సన్ 1866లోనే పెట్టేశాడు. పిల్లలు 139 ఏళ్ళ తర్వాత వచ్చి చేరారు.

సుజాత ఎం. (రాత్రి 11:20)

కానీ నేను చూసిన ఒక పేజీలో సిల్వియా అన్నది కామీ ఫ్లమారియన్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త భార్య పేరని ఉంది?

బందరు మాస్టారు (ఉదయం 5:50)

అది పాత పుస్తకంలో పడ్డ పొరపాటమ్మా. ఫ్లమారియన్ మొదటి భార్య పేరు సిల్వీ. గ్రహశకలాల పేర్ల మీద 1955లో వచ్చిన ఒక సంకలనంలో ఆవిడ పేరు మీదుగానే పెట్టారని వేశారు. అక్కడి నుంచి అందరూ ఎత్తి రాసుకున్నారు. పోగ్సన్ తన ప్రకటనలోనే రోములస్, రీమస్‌ల తల్లి పేరని చెప్పుకున్నాడు. కనిపెట్టినవాడే చెప్పాక ఇక వాదన దేనికి?

అర్ధరాత్రి దుర్భిణి (ఉదయం 7:15)

ఇంతకీ ఎవరైనా చూశారా దీన్ని? నేను అనంతపురం పక్కన మా మామయ్య వాళ్ళ తోటలో 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపుతో చూశాను. ఎదురుగా వచ్చినప్పుడు 11.5 మాగ్నిట్యూడ్ చుట్టుపక్కల ఉంటుంది. సూర్యుడికి దగ్గరి చివర ఉండగా వస్తే ఇంకాస్త మెరుగు. చూడ్డానికి ఏమీ ఉండదు, ముందే చెప్తున్నా. పటంలో లేని ఒక మసక చుక్క, అంతే. మర్నాడు అది అక్కడ ఉండదు. పక్క జంట నక్షత్రాన్ని గుర్తు పెట్టుకున్నాను, రెండో రాత్రికి దాన్ని దాటి పడమటికి జరిగిపోయింది. ఆ క్షణం మాత్రం భలే ఉంటుంది.

సిటీలో మేడ మీద నుంచి కుదరదు. వీధి లైట్లు లేని చోటికి వెళ్ళాలి, వెన్నెల లేని రాత్రి కావాలి.

పచ్చిమిర్చి (ఉదయం 8:02)

8 అంగుళాలకు ఉపగ్రహాలు కనపడవా?

అర్ధరాత్రి దుర్భిణి (ఉదయం 8:40)

కనపడితే నా పేరు మీద ఉండేవి కదండీ!

లెక్క చూడండి. ఎదురుగా వచ్చినప్పుడు సిల్వియా మనకు సుమారు 37 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరం నుంచి సిల్వియా వెడల్పే 0.15 ఆర్క్ సెకను (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను). పెద్ద పిల్లాడు రోములస్ తల్లికి ముప్పావు ఆర్క్ సెకను దూరంలో, రీమస్ అందులో సగం దూరంలో తిరుగుతాయి. మన గాలి కదలికలకు చుక్క ఒక ఆర్క్ సెకను మేర అలికేసినట్టు అవుతుంది. ఆ మసకలో తల్లీ పిల్లలూ కలిసిపోతారు. పైగా పిల్లలు తల్లికంటే కొన్ని వందల రెట్లు మసక. అందుకే అడాప్టివ్ ఆప్టిక్స్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. గాలి చేసే చెడుపును కొలిచి, సెకనుకు వందల సార్లు అద్దం ఆకారాన్ని మార్చి సరిచేసే పద్ధతి అది.

చుక్కల రాజు (ఉదయం 9:30)

అబ్బ, థ్రెడ్ ఇంత పెరుగుతుందనుకోలేదు. సరే, అసలు ఆ రాయి ఎలా ఉంటుంది? గుండ్రంగానా?

డాలస్ కిట్టు (సాయంత్రం 6:45)

గుండ్రంగా లేదు. పొడుగ్గా ఉంటుంది. మార్షిస్ బృందం 2005 నాటి పేపర్లో కొలతలు సుమారు 385 × 265 × 230 కి.మీ. ఆ తర్వాత మెరుగైన ఫోటోలతో కాస్త తగ్గాయి. ఇప్పుడు అంతే ఘనపరిమాణం ఉన్న గోళంగా లెక్కిస్తే వ్యాసం 271 కి.మీ. దగ్గర వస్తుంది. ఇంత పెద్ద శరీరం తన చుట్టూ తాను 5 గంటల 11 నిమిషాల్లో తిరిగేస్తుంది. మనకు ఒక రోజు గడిచేలోపు అక్కడ నాలుగున్నర రోజులు పైనే.

రంగు బొగ్గే. పడ్డ వెలుగులో నాలుగైదు శాతమే తిప్పి పంపుతుంది. వర్ణపటం చూస్తే పీ-టైప్ అంటారు. ఎరుపు వైపు కొద్దిగా వాలిన, పెద్దగా గుర్తులేమీ లేని గీత. తోకచుక్కల పొడి గీతకు దగ్గరగా ఉంటుందని చెబుతారు. అందుకే ఇలాంటివి అసలు బెల్టులో పుట్టలేదని, నెప్ట్యూన్ అవతల పుట్టి, పెద్ద గ్రహాలు అటూ ఇటూ జరిగిన రోజుల్లో లోపలికి తోసుకు వచ్చాయని ఒక వాదం ఉంది.

నా అభిప్రాయం అడిగితే సిల్వియా అంటే ఒక రాళ్ళ కుప్ప. 2005లో సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాములని తేల్చారు, నీటికంటే కాస్త ఎక్కువ అంతే. లోపల సగం దాకా ఖాళీ ఉండొచ్చన్నారు. ఏదో పెద్ద గుద్దుడు జరిగి, ముక్కలై, మళ్ళీ కూడుకున్నదే ఇది. మిగిలిన ముక్కల్లో రెండు పిల్లలయ్యాయి. చుట్టుపక్కల కక్ష్యల్లో సిల్వియా కుటుంబం అని చిన్న శకలాల గుంపు కూడా ఉంది, అదే గుద్దుడుకు సాక్ష్యం.

సుజాత ఎం. (సాయంత్రం 7:10)

అవునూ, ఇది మెయిన్ బెల్టులోదేనా? కొన్ని చోట్ల సిబిలీ గుంపు అని రాశారు.

డాలస్ కిట్టు (సాయంత్రం 7:31)

బెల్టు బయటి అంచు అనుకోండి. సూర్యుడికి సగటు దూరం 3.48 ఖగోళ ప్రమాణాలు (భూమికీ సూర్యుడికీ ఉన్న సగటు దూరం ఒక ప్రమాణం), అంటే 52 కోట్ల కి.మీ. ఒక చుట్టుకు ఆరున్నరేళ్ళు. బృహస్పతి ఒక చుట్టు తిరిగే లోపు సరిగ్గా రెండు చుట్లు తిరిగే చోటు 3.27 దగ్గర ఉంటుంది. అక్కడ బృహస్పతి లాగుడు పదే పదే ఒకేలా పడి శకలాలు నిలవవు. ఆ ఖాళీకి అవతల ఉన్నవాళ్ళను సిబిలీ గుంపు అంటారు. కొందరు దాన్ని బెల్టులో కలుపుతారు, కొందరు విడిగా చూపిస్తారు. మాకు ఊరవతల కాలనీని ఊళ్ళో కలిపారా లేదా అన్న గొడవ లాంటిదే.

లెక్కల శ్రీను (రాత్రి 8:55)

కిట్టు గారూ, మీ రాళ్ళ కుప్ప దగ్గర నేను ఆగిపోయాను. దానికి ముందు, ఈ బరువు ఎలా వచ్చిందో రాజుకు చెప్పాలి. సిల్వియా కథలో అసలు మజా అక్కడే ఉంది.

ఒంటరి గ్రహశకలాన్ని తూచడం మహా కష్టం. అది పక్కవాటిని లాగేది ఎంతో కొంచెం, అది కొలవాలంటే దశాబ్దాలు పడుతుంది. ఉపగ్రహం ఉంటే మాత్రం కెప్లర్ గారి మూడో సూత్రం చాలు. దూరాన్ని ఘనం చేసి, చుట్టు కాలం వర్గంతో భాగించు. వచ్చిన అంకె మధ్యలో కూర్చున్నవాడి బరువును బట్టి మారుతుంది. అంతే.

2005 పేపర్ అంకెలు: రోములస్ 1,356 కి.మీ. దూరంలో 3.6496 రోజులకు ఒక చుట్టు. రీమస్ 706 కి.మీ. దూరంలో 1.3788 రోజులకు ఒక చుట్టు.

రోములస్‌తో చేస్తే 18.72 కోట్లు వస్తుంది. రీమస్‌తో చేస్తే 18.51 కోట్లు. ఇద్దరు పిల్లలు విడివిడిగా చెప్పిన సాక్ష్యం ఒక శాతం తేడాతో కలిసింది. ఇప్పుడు మన చంద్రుడికి అదే లెక్క చేయండి: 3,84,400 కి.మీ., 27.32 రోజులు. అది సుమారు 76.1 లక్షల కోట్లు వస్తుంది. దీన్ని రోములస్ అంకెతో భాగిస్తే నాలుగు లక్షల ఆరు వేలు పైచిలుకు. అంటే సిల్వియా బరువు భూమి బరువులో నాలుగు లక్షలవ వంతు. కిలోల్లో 1.48 × 10¹⁹. కాలిక్యులేటర్ ఉన్న పదో తరగతి పిల్లాడు చేసే లెక్క. పేపర్లో ఉన్న అంకె కూడా అదే.

బరువు తేలింది. సాంద్రత కావాలంటే ఘనపరిమాణం కావాలి, చిక్కంతా అక్కడే. 385 × 265 × 230 పెడితే 1.2 వస్తుంది. 271 కి.మీ. గోళంగా తీసుకుంటే ఘనపరిమాణం 1.04 కోట్ల ఘన కిలోమీటర్లు, సాంద్రత 1.4కు ఎగబాకుతుంది. వెడల్పులో ఏ కాస్త తేడా వచ్చినా మూడింతలై సాంద్రతలో కూర్చుంటుంది. అందుకే 1.2 అన్న ఒక్క అంకె పట్టుకుని సగం ఖాళీ అనడానికి నేను ఒప్పుకోను.

పచ్చిమిర్చి (రాత్రి 9:08)

శ్రీను గారూ, ఇలా చెప్పే సారు మాకు ఉండుంటే నేను ఫిజిక్సులో గట్టెక్కేవాణ్ణి.

డాలస్ కిట్టు (రాత్రి 9:50)

శ్రీనూ, 1.4 అయినా రాయి సాంద్రత కాదు కదా. మామూలు రాయి రెండున్నర పైనే ఉంటుంది. ఖాళీ లేకుండా 1.4 ఎలా వస్తుంది?

లెక్కల శ్రీను (రాత్రి 10:15)

మంచు ఉంటే వస్తుందండీ. నెప్ట్యూన్ అవతల పుట్టిందని మీరే అన్నారు. అక్కడ పుట్టినదాంట్లో సగానికి సగం మంచు ఉన్నా వింత ఏముంది? కొంత మంచు, కొంత రాయి, కొంత ఖాళీ. ఏది ఎంతో సాంద్రత ఒక్కటే చెప్పలేదు. చెప్పేది పిల్లల నడకే.

పొడుగాటి శరీరం, లోపల అంతా ఒకే సరుకు అనుకోండి. దాని లాగుడు గోళం లాగుడులా ఉండదు. దగ్గర్లో తిరిగే రీమస్ కక్ష్య ఏళ్ళు గడిచే కొద్దీ మెల్లగా పక్కకు తిరిగిపోతూ ఉండాలి. 2001 నుంచి రెండు దశాబ్దాల ఫోటోలన్నీ కలిపి, యెపున్ పక్కనే ఉండే ఇంకో 8 మీటర్ల టెలిస్కోపులో స్ఫియర్ అనే కెమెరాతో తీసిన కొత్తవీ చేర్చి, 2021లో కారీ అనే ఖగోళవేత్త, ఇతరులు లెక్క కట్టారు. ఆ తిరుగుడు వాళ్ళకు దొరకలేదు. మధ్యలో ఒక బిందువు ఉంటే ఎలా తిరుగుతాయో పిల్లలిద్దరూ అలానే తిరుగుతున్నారు. బయటికి ఇంత పొడుగున్నా బరువు మాత్రం నడిమధ్యన పోగై ఉందన్నమాట. లోపల గట్టి గర్భం, పైన తేలికగా, గుల్లగా ఉన్న పొర. ఒకప్పుడు లోపల వేడెక్కి, మంచు కరిగి, రాయి కిందికి దిగిపోయి ఉండాలి.

బందరు మాస్టారు (రాత్రి 10:40)

శ్రీనూ, ఒక్క ప్రశ్న. నువ్వు ఇందాక చూపిన ఒక శాతం తేడా, 18.72కీ 18.51కీ మధ్య, అదే ఈ పొడుగు ఆకారం వల్ల అనొచ్చు కదా ఎవరైనా?

లెక్కల శ్రీను (రాత్రి 10:58)

అనలేరు మాస్టారూ. రీమస్ దూరం 706 అన్న అంకెకే అటూ ఇటూ అయిదు కిలోమీటర్ల అనుమానం ఉంది. ఘనం చేస్తే అది రెండు శాతం అవుతుంది. ఒక శాతం అందులో మునిగిపోతుంది. పైగా ఆకారం వల్ల అయితే దగ్గరివాడికి తల్లి కాస్త బరువుగా కనిపించాలి. ఇక్కడ రీమస్‌కే తక్కువ వచ్చింది. కాబట్టి ఒక్క చుట్టు కాలంతో తేలే విషయం కాదిది. కక్ష్య ఎన్నేళ్ళకు ఎంత పక్కకు తిరిగిందో చూడాల్సిందే.

డాలస్ కిట్టు (రాత్రి 11:30)

2005 పేపర్లో అలా పక్కకు తిరుగుతోందనే రాశారు. దాని నుంచే లోపల ఒకే సరుకు అన్నారు.

లెక్కల శ్రీను (రాత్రి 11:42)

అవును, కొద్ది నెలల డేటాతో. ఇరవై ఏళ్ళ డేటా దాన్ని నిలబెట్టలేదు. మార్షిస్ బృందమే 2013 నాటికి మాట మార్చింది, మధ్యలో గట్టి గోళం, చుట్టూ వదులు పదార్థం అని. కుప్ప అన్న మాట పై పొరకు ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

వేదిక నిర్వాహకులు (ఉదయం 6:30)

వాదన బాగుంది, ఇలాగే మర్యాదగా కొనసాగించండి. మధ్యలో ఒకరు పెట్టిన "సిల్వియా వల్ల ఏ రాశివాళ్ళకు లాభం" అన్న పోస్టు తీసేశాం. దానికి వేరే వేదికలున్నాయి.

సుజాత ఎం. (ఉదయం 10:05)

నాదో పిచ్చి ఊహ. సిల్వియా మీద నిలబడితే ఆకాశం ఎలా ఉంటుంది?

అర్ధరాత్రి దుర్భిణి (ఉదయం 11:20)

పిచ్చి ఏం కాదు, నాకూ ఇదే ఇష్టం. 2005లో అనుకున్న సైజులు తీసుకుందాం, రోములస్ 18 కి.మీ., రీమస్ 7 కి.మీ. పొడుగు చివర నిలబడితే రోములస్ దాదాపు 0.9 డిగ్రీలు, రీమస్ 0.75 డిగ్రీలు. మన చందమామ అర డిగ్రీ. అంటే రెండూ మన చందమామకంటే పెద్దవిగా, ఒకదానికొకటి కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి. సూర్యుడు మాత్రం మనకు కనిపించే వెడల్పులో మూడో వంతుకు కుదించుకుపోతాడు. పిల్లలు కూడా తల్లి లాగే నల్లటివైతే పెద్దగా వెలగవు.

నిలబడటం కూడా అంత సులువు కాదు. గురుత్వం సగటున భూమి మీదదానిలో 180వ వంతు. పొడుగు చివర్లలో ఇంకా తక్కువ, ఎందుకంటే ఆ వేగంతో తిరుగుతుంటే లాగుడులో సగం పైనే విసురుకే పోతుంది. అయినా ఎగిరితే అంతరిక్షంలోకి పోరు, భయం లేదు. తప్పించుకోవాలంటే గంటకు 430 కి.మీ. వేగం కావాలి.

చుక్కల రాజు (మధ్యాహ్నం 1:15)

18, 7 అన్నారు. "అనుకున్న" అన్నారు. మారాయా?

అర్ధరాత్రి దుర్భిణి (మధ్యాహ్నం 2:00)

రోములస్ మారింది. అవి కాంతిని బట్టి కట్టిన అంచనాలు. ఉపరితలం ఎంత నల్లగా ఉందో అనుకుంటే అంత సైజు. నిజంగా కొలిచింది 2013 జనవరి 6న. ఆ రాత్రి సిల్వియా ఒక నక్షత్రం ముందు నుంచి దాటింది. దాని నీడ దక్షిణ యూరప్ మీదుగా పోయింది. నక్షత్రం ఎప్పుడు ఆరింది, ఎప్పుడు వెలిగింది అన్నదే చూడాలి. ఒక్కో చోట ఎన్ని సెకన్లు ఆరిందో తెలిస్తే ఆ చోట శకలం అడ్డుకొలత తెలిసినట్టే. పెద్ద అబ్జర్వేటరీల పని కాదు ఇది. మనలాంటి వాళ్ళు చాలామంది, సొంత టెలిస్కోపులతో, ఊళ్ళ మధ్య దూరం చూసుకుని పరుచుకున్నారు. అందులో నలుగురికి సిల్వియా కాదు, రోములస్ నీడ పడింది! ముందే లెక్క కట్టిన కక్ష్య చెప్పిన చోటే పడింది. సుమారు 24 కి.మీ. వెడల్పు, బాగా పొడుగు ఆకారం, బహుశా రెండు ముద్దలు అతుక్కున్నట్టు ఉందని తేలింది.

8 అంగుళాల టెలిస్కోపుకు రోములస్ కనపడదన్నాను. దాని నీడ మాత్రం అంతకంటే చిన్నదానికి కూడా అందుతుంది. కావాల్సింది వీడియో తీసే కెమెరా, ప్రతి ఫ్రేము మీదా జీపీఎస్ సమయం. ఫోన్ గడియారం పనికిరాదు, సెకనులో పదో వంతు తేడా వచ్చినా కొలత పాడవుతుంది.

బందరు మాస్టారు (మధ్యాహ్నం 3:30)

ఇంకో విచిత్రం చెప్పి నేను ఆపుతాను. బందరు గ్రహణం ముగించుకుని మద్రాసు వెళ్ళిన మూడు నెలలకు, 1868 నవంబరు 17న, పోగ్సన్ ఇంకోటి పట్టాడు: 107 కెమిల్లా. మద్రాసులో వానాకాలం నడుమ. అది కూడా సిబిలీ గుంపే, అదీ పొడుగ్గా, నల్లగా, వడిగా తిరిగేదే. దానికీ 2001లో హబుల్‌తో ఒక ఉపగ్రహం, 2016లో రెండోది దొరికాయి. ఒకే మనిషి, ఒకే ఊరు, రెండున్నరేళ్ళలో రెండు. రెంటికీ ఇద్దరేసి పిల్లలు. ఆయనకు అవి కదిలే చుక్కలుగానే తెలుసు.

చెన్నై వెళ్ళినప్పుడు నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో పాత అబ్జర్వేటరీ గ్రానైటు స్తంభం ఉంటుంది. 1792 నాటిది. దాని మీద లాటిన్‌తో పాటు తెలుగులో, తమిళంలో కూడా చెక్కారు. అనుమతి దొరికితే చూడండి. 1899లో అబ్జర్వేటరీ కొడైకెనాల్‌కు మారిపోయాక అక్కడ మిగిలింది అదీ, కొన్ని రాళ్ళూ.

చుక్కల రాజు (సాయంత్రం 5:10)

అందరికీ చాలా థాంక్స్. గ్రూపులో ఇలా పెడుతున్నా, చూసి చెప్పండి:

"87 సిల్వియాను 1866 మే 16న మద్రాసులో నార్మన్ పోగ్సన్ కనిపెట్టారు. మద్రాసులో ఆయన కనిపెట్టిన 8 గ్రహశకలాల్లో ఇది ఒకటి. రఘునాథాచారి గారు కనిపెట్టింది ఆర్ రెటిక్యులి అనే చరతార, 1867లో. సిల్వియాకు రోములస్, రీమస్ అని రెండు ఉపగ్రహాలు. వాటి నడకను బట్టే సిల్వియా బరువు, లోపలి తీరు తెలిశాయి."

బందరు మాస్టారు (సాయంత్రం 5:25)

ఎనిమిది మొత్తం లెక్క. అందులో మూడు, ఐసిస్, అరియాడ్నీ, హెస్టియా, ఆయన ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డులో ఉండగా దొరికినవి. మద్రాసులోవి అయిదే: 1861లో ఏషియా, 1864లో సాఫో, తర్వాత సిల్వియా, కెమిల్లా, 1885లో వేరా. ఆసియా ఖండంలో కనిపెట్టిన మొదటి గ్రహశకలం కాబట్టే మొదటిదానికి ఏషియా అని పేరు. ఆ లైను మార్చి పంపు.